బాకా ఊదిన హాస్టల్ కుర్రాడు – లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్

జాజ్ సంగీతం పాత రికార్డులు సేకరించేవాళ్ళు ఇప్పటికీ వెతుక్కునే పేర్లలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది మొదటి వరస. ఆయన బాకా పద్ధతిగా నేర్చుకున్నది ఒక పిల్లల వసతి గృహంలో అన్న సంగతి మన మిత్రుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను.

లూయీ 1901 ఆగస్టు 4న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో నల్లజాతి పేద కుటుంబంలో పుట్టాడు. అక్కడ బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి 36 ఏళ్ళే. పసితనంలోనే తండ్రి వదిలి వెళ్ళిపోతే కొన్నాళ్ళు నాయనమ్మ పెంచింది. కర్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం వారి బండి మీద పాత సామాన్లు ఏరుతూ, బొగ్గులు అమ్ముతూ తిరిగేవాడు. బండి వస్తోందని జనానికి తెలియడానికి రేకు బాకా ఊదేవాడు.

1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సందడిలో పిస్తోలు గాలిలోకి పేల్చాడని పోలీసులు పట్టుకున్నారు. అప్పుడతనికి 11 ఏళ్ళు. కోర్టు అతన్ని నల్లజాతి అనాథ బాలుర గృహానికి పంపింది. మన హాస్టళ్ళకు మనం దరఖాస్తు పెట్టుకుని వస్తాం, అది శిక్ష వేసి పంపే చోటు. ఈ తేడా మరచిపోకూడదు. అయితే గంట ప్రకారం లేవడం, వరసలో నిలబడి తినడం మనకు తెలిసినవే. అక్కడ గంటకు బదులు బ్యూగిల్ మోగేది. సంగీతం నేర్పే పీటర్ డేవిస్ మొదట్లో లూయీని నమ్మలేదు. తర్వాత కంజీర వంటి చిన్న వాయిద్యం ఇచ్చాడు, ఆపైన డ్రమ్ము, బ్యూగిల్, చివరికి కార్నెట్ అనే చిన్న బాకా. కొద్ది కాలంలోనే లూయీ ఆ బ్యాండుకు నాయకుడై, యూనిఫారంలో తన పేట వీధుల్లోంచే వాయిస్తూ నడిచాడు. 1914 జూన్‌లో విడుదలయ్యాడు.

ఆ ఊళ్ళో శవయాత్రకూ ఊరేగింపుకూ బ్యాండు ఉండాల్సిందే. మన పల్లెల్లో చావుకైనా పండగకైనా డప్పు ఉన్నట్టే. వాయించేవాళ్ళు ఎవరు, వాళ్ళను ఊరు ఎక్కడ నిలబెట్టింది అన్న ప్రశ్నా రెండుచోట్లా ఒకటే.

మొదటి జాజ్ రికార్డు 1917లో విడుదలైంది. వాయించింది ఒక తెల్లవాళ్ళ బృందం! చేత్తో తిప్పే గ్రామఫోను ఒకటి సంపాదించుకున్న లూయీ ఆ రికార్డులు కొన్నాడు. ఇటలీ గాయకుడు కరూసో రికార్డులు కూడా కొన్నాడు. వినడంలో ఆయనకు ఎల్లలు లేవు.

1922లో గురువు కింగ్ ఆలివర్ పిలుపు మీద చికాగో చేరాడు. 1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఆ బృందం రికార్డింగ్ జరిగింది. అప్పటికి మైకులు రాలేదు. అందరూ ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయించాలి. లూయీ బాకా ధ్వని మిగతావాళ్ళను మింగేస్తోందని అతన్ని దూరంగా వెనక నిలబెట్టారట. 1925 నవంబరు నుంచి తన సొంత ‘హాట్ ఫైవ్’ బృందంతో ఓకే కంపెనీకి రికార్డులు ఇచ్చాడు. భార్య లిల్ హార్డిన్ పియానో. ఒక్కో వైపు మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లోనే జాజ్‌లో ఒక్కడు ముందుకొచ్చి తన మాట తాను చెప్పుకోవడం స్థిరపడింది. 1928లో చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఆరంభంలో ఒంటరిగా మోగే బాకా వింటే ఈ మాట అర్థమవుతుంది.

కంపెనీలు వీటిని ‘రేస్ రికార్డులు’ అని వేరే జాబితాలో వేసి నల్లవాళ్ళకు అమ్మాయి. యంత్రం ఒకటే, లక్క ఒకటే (ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచి వెళ్ళిందే), జాబితా మాత్రం వేరు. కొన్న పేదలు వాటిని దాచుకోలేదు, ఉక్కు ముల్లుతో గాడి అరిగేదాకా విన్నారు. మంచి ప్రతులు అరుదు కావడానికి ఇదొక కారణం. 1930లలో సేకర్తలు పాత సామాన్ల దుకాణాల్లో వెతకడం మొదలుపెట్టారు. వారిలో జార్జ్ అవాకియన్ అనే విద్యార్థి 1940లో కొలంబియా కంపెనీ గోదాములో అప్పటిదాకా విడుదల కాని హాట్ ఫైవ్ రికార్డింగులు కనుక్కుని, పాతవాటితో కలిపి ఆల్బంలుగా తెచ్చాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ తెల్లవాళ్ళ ముందు అతిగా నవ్వుతాడని తర్వాతి తరం నల్లజాతి కళాకారులు కొందరు ఈసడించారు. ఆ విమర్శ పూర్తిగా తప్పని నేననను. కానీ 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లపిల్లలను బడి గడప తొక్కనివ్వనప్పుడు ఆయన దేశాధ్యక్షుణ్ణి బహిరంగంగా దుయ్యబట్టి, ప్రభుత్వం తరఫున వెళ్ళాల్సిన సోవియట్ పర్యటన మానుకున్నాడు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు కలిసి వాయించకూడదని 1956లో లూసియానా చట్టం చేస్తే, 1965 దాకా సొంత ఊళ్ళో కచేరీ చేయలేదు.

న్యూయార్క్‌లోని కరోనా పేటలో 1943 నుంచి ఆయన ఇల్లు. ఎక్కడికి వెళ్ళినా మన ట్రంకు పెట్టె లాంటిదే పెద్దది ఒకటి వెంట ఉండేది. అందులో బట్టలు కాదు, రికార్డు ప్లేయరు, టేపు రికార్డర్లు! నచ్చిన రికార్డులూ, స్నేహితుల కబుర్లూ టేపుల్లోకి ఎక్కించేవాడు. అలా సుమారు 650 టేపులు పోగయ్యాయి. డబ్బాల మీద పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి అంటించి, ఏ టేపులో ఏముందో తన చేత్తో రాసి పెట్టుకున్నాడు. 1971 జూలై 6న ఆ ఇంట్లోనే నిద్రలో కన్నుమూశాడు. ఆ ఇల్లు 2003లో మ్యూజియంగా తెరుచుకుంది.