మైకేల్ ఫారడే

1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగర సమీపమున ఒక నిరుపేద కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. అతనికి చదువను, వ్రాయను, లెక్కలు చేయను వచ్చునంతటి విద్య మాత్రమే లభించెను. 14వ యేట అతడు పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్వ జేరెను. అచటికి వచ్చిన గ్రంథములను తీరిక వేళల జదువుచు, విద్యుచ్ఛాస్త్రమున మక్కువ పెంచుకొనెను.

1812లో హంఫ్రీ డేవీ అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు విని, వానిని వ్రాసి, తానే చక్కగా అట్ట కట్టి ఆయనకు పంపెను. మరుసటి సంవత్సరమే డేవీ అతనిని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకునిగా నియమించెను.

విద్యుత్ప్రవాహము అయస్కాంతపు సూదిని కదలించునని 1820లో ఓయర్‌స్టెడ్ కనుగొనెను. అట్లయిన, అయస్కాంతమువలన విద్యుత్తు ఏల పుట్టరాదని ఫారడే యోచించెను. 1824 మొదలు అతడు పలుమారు తీగచుట్టలో అయస్కాంతము నుంచి చూచెను. విద్యుత్తు జాడయైనను కానరాలేదు. అయినను అతడు ఆశ విడువలేదు.

1831లో రహస్యము బయల్పడెను. నిశ్చలముగా నున్న అయస్కాంతము విద్యుత్తును పుట్టింపదు. అది కదలినప్పుడే తీగలో విద్యుత్తు పుట్టును. ఆ యేటనే అతడు బలమైన అయస్కాంత ధ్రువముల నడుమ రాగిచక్రమును త్రిప్పి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును సాధించెను.

మోటారుకారులోని ఆల్టర్నేటరు ఈ సూత్రము ననుసరించియే పనిచేయును. ఇంజను బెల్టుచే దానిని త్రిప్పగా, లోపల తిరుగు అయస్కాంతము చుట్టునున్న తీగలలో విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపును. ఇంజను ఆగియున్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునపుడు సాధారణముగా 14 వోల్టుల దరిదాపునకు చేరవలెను. చేరనిచో మెకానిక్కు మొదట బెల్టు వదులైనదేమో చూచును. పిదప తీగల కలయికలను, ఆ పిమ్మట ఆల్టర్నేటరును పరీక్షించును. బెల్టు తెగినచో అయస్కాంతము తిరుగదు. తిరుగనిచో విద్యుత్తు లేదు. ఏండ్ల తరబడి ఫారడేను వేధించిన చిక్కు ఇదియే.

ధనార్జనకు అవకాశము లెన్ని యున్నను అతడు వానిని వదలి పరిశోధనమునే కోరెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. బాలబాలికలకై మాత్రము 19 పర్యాయములు క్రిస్మసు ఉపన్యాసమాలల నొసగెను. 1867 ఆగస్టు 25వ తేదీన ఆ మహనీయుడు కన్నుమూసెను.