సేవాభాయా: పేర్లు ఎన్నయినా గోర్ ఒక్కటే

సద్గురు సంత్ సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర గొల్లలదొడ్డి ప్రాంతంలో జన్మించారని మన సంప్రదాయం. తల్లి ధర్మిణి యాడి, తండ్రి భీమా నాయక్. ఆ పుణ్యస్థలమే నేటి సేవాగఢ్. పత్తికొండకు గుత్తి దక్షిణాన పొరుగు ఊరే. అందుకే మన తండాలకు ఆయన దూరపు దేవుడు కారు, ఈ నేల మీద ఆవులు కాసిన సేవాభాయా.

ఆనాటి మన బతుకు లదేణి. ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగేవారు. తండాలో గోర్‌బోలి, సంతలో ఏ ఊరి భాష అయితే ఆ భాష. తమవారు గోర్, బయటివారు కోర్. కోర్‌తో ఇచ్చిపుచ్చుకోవడాలు లేకుంటే గోర్‌కు పూట గడవదు. సేవాలాల్ ఈ రెండు లోకాల మధ్యే పెరిగారు.

జగదంబ తనకు భగత్‌గా ఉండమని కోరితే ఆయన మొదట ఒప్పుకోలేదని, తండాకు కష్టాలు వచ్చాక తలవంచారని పెద్దలు చెబుతారు. తల్లిని నమ్మినా జీవబలికి మాత్రం సమ్మతించలేదట. బ్రహ్మచారిగా ఉండి సత్యం, అహింస, మద్యానికి దూరం, స్త్రీల పట్ల గౌరవం బోధించారు. మహారాష్ట్రలో తనువు చాలించారు. సమాధి వాశిం జిల్లా పోహ్రాదేవిలో ఉంది. తెలుగు నేల మీద పుట్టి మరాఠీ నేలలో కలిసినా ఆయన గోర్‌గానే ఉన్నారు.

తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చి లదేణి ఆగింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మనవారిలో ఎందరికో దొంగలన్న ముద్ర వేసింది. నేడు మనం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. ఇక్కడ సుగాలి, తెలంగాణలో లంబాడీ, అవతల బంజారా. సరిహద్దు దాటి కోడలిగా వెళ్లిన ఆడబిడ్డకు ఇక్కడి ఎస్టీ సర్టిఫికెట్ అక్కడి రిజర్వేషన్‌కు చెల్లదు. అయినా ఆమె పాడే పాట, మొక్కే సేవాభాయా మారరు.

మన పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు బాగా నేర్వాలి. ఇంట గోర్‌బోలి మరవకూడదు. లిపి లేని మన భాష నోటిలో ఉంటేనే బతుకుతుంది. ఒకటి నేర్చుకోవడానికి మరొకటి వదలనక్కరలేదని లదేణి నడిపిన మన తాతలు ఏనాడో చూపించారు. జయంతి నాడు బోగ్ వెలిగించేటప్పుడు పిల్లలతో అరదాస్ మన బోలీలోనే చెప్పిద్దాం.

జై సేవాలాల్!