జడ్జి క్రేటర్ ఏమైనట్టు?

న్యూయార్క్‌లో గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకో, సిటిజన్‌షిప్ పనికో 26 ఫెడరల్ ప్లాజాకి వెళ్ళిన మనవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ ఫోలీ స్క్వేర్ దగ్గరే పెద్ద పెద్ద రాతి స్తంభాలతో, ఆరు ముఖాలున్న ఒక కోర్టు భవనం ఉంది. చిరునామా 60 సెంటర్ స్ట్రీట్. 1930 ఆగస్టు 6, బుధవారం పొద్దున, ఒక జడ్జిగారు ఇక్కడ తన గదికి వచ్చి, రెండు గంటలపాటు కాగితాలు సర్దుకుని, మధ్యాహ్నానికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తొమ్మిది దాటాక ఆయన్ని చూశామని నమ్మదగినట్టుగా చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఆయన పేరు జోసెఫ్ ఫోర్స్ క్రేటర్. ఈ కాలం వాళ్ళకి పెద్దగా తెలియదు గానీ, ఒకప్పుడు అమెరికాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన పేరు. ఎవరైనా చెప్పాపెట్టకుండా మాయమైతే క్రేటర్ పని చేశాడనడం వాడుకైపోయింది. జడ్జి క్రేటర్ వెంటనే ఆఫీసుకి ఫోన్ చేయవలసిందని మైకులో పిలిచి కమెడియన్లు నవ్వించేవాళ్ళు. ఒక మనిషి అదృశ్యం అంతకాలం జోకుగా ఎలా నిలబడిందా అని నాకు ఆశ్చర్యం. ఎందుకంటే కథ లోపలికి వెళ్తే నవ్వు వచ్చే సంగతులు తక్కువ.

క్రేటర్ 1889 జనవరి 5న పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో పుట్టాడు. న్యూజెర్సీ మనవాళ్ళకి బాగా తెలిసిన ఊరే, ఐ-78 మీద నది దాటితే వచ్చేస్తుంది. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. అక్కడే లఫాయెట్ కాలేజీలో చదివి, తర్వాత కొలంబియాలో లా చేసి, న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఒక విడాకుల కేసులో క్లయింటుగా వచ్చిన స్టెల్లా వీలర్‌ని, విడాకులు మంజూరైన వారానికే 1917లో పెళ్ళి చేసుకున్నాడు. లా కాలేజీల్లో పాఠాలు కూడా చెప్పేవాడు. ఆరడుగుల మనిషి, ఖరీదైన సూట్లు, మధ్య పాపిడి. చట్టం మీద మంచి పట్టున్నవాడనే పేరుంది. అయితే ఆ రోజుల్లో న్యూయార్క్‌లో జడ్జి కావడానికి అదొక్కటే చాలదు.

ఇక్కడ టామనీ హాల్ గురించి చెప్పుకోవాలి. అది న్యూయార్క్ నగరంలో డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగం. వార్డుకో క్లబ్బు, క్లబ్బుకో పెద్దమనిషి. ఉద్యోగం కావాలన్నా, కాంట్రాక్టు కావాలన్నా, కోర్టులో కుర్చీ కావాలన్నా ఆ పెద్దమనిషి గుమ్మం తొక్కాల్సిందే. (మన ఊళ్ళల్లో రాజకీయం చూసి పెరిగిన వాళ్ళకి ఇంతకంటే వివరించనక్కర్లేదు.) క్రేటర్ మార్టిన్ హీలీ అనే నాయకుడి కింద క్యుగా డెమోక్రటిక్ క్లబ్బులో పనిచేసి, దానికి ప్రెసిడెంటు అయ్యాడు. 1920 నుంచి జడ్జి రాబర్ట్ వాగ్నర్‌కి సెక్రటరీ. ఈ వాగ్నరే తర్వాత సెనేటరై, కార్మిక సంఘాల హక్కులకి సంబంధించిన 1935 నాటి చట్టానికి తన పేరు ఇచ్చాడు. అంటే క్రేటర్ ఒక చేత్తో మంచివాళ్ళనీ, రెండో చేత్తో అవతలివాళ్ళనీ పట్టుకుని పైకి వచ్చాడన్నమాట.

1930 ఏప్రిల్‌లో గవర్నర్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆయన్ని న్యూయార్క్ సుప్రీంకోర్టు జడ్జిగా వేశాడు. పేరు చూసి మోసపోకండి, న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే పై కోర్టు కాదు. విచారణలు జరిగే కోర్టు, మన జిల్లా కోర్టు లాంటిది. అన్నిటికంటే పైది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. అయినా జీతం ఏడాదికి 22,500 డాలర్లు, ఇప్పటి లెక్కలో నాలుగు లక్షలకు పైమాటే. ఇది ఖాళీలో వేసిన నియామకం కాబట్టి నవంబరులో ఎన్నికల్లో నెగ్గితే తర్వాత 14 ఏళ్ళు ఢోకా లేదు. అప్పటికి ఆయన వయసు 41.

చిత్రమేమిటంటే, కుర్చీ ఎక్కిన కొద్ది వారాల్లోనే ఆయన షేర్లు అమ్మి, బ్యాంకులోంచి తీసి, దాదాపు 23 వేల డాలర్లు నగదు చేసుకున్నాడు. అంటే దాదాపు ఒక ఏడాది జీతం! టామనీలో పదవి రేటు ఒక ఏడాది జీతమని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఇది రుజువు కాలేదు. కానీ ఆ వేసవిలోనే ఆయన గురువు హీలీ, ఎవాల్డ్ అనే మేజిస్ట్రేటు దగ్గర పదవి కోసం 10 వేల డాలర్లు పుచ్చుకున్నాడన్న ఆరోపణ మీద విచారణలో ఇరుక్కున్నాడు. క్రేటర్‌కి ఆ వార్తలు చదివి నిద్ర పట్టిందనుకోను.

ఇంకొకటి లిబ్బీస్ హోటల్ వ్యవహారం. దక్షిణ మన్‌హాటన్‌లో దివాలా తీసిన ఈ హోటల్‌కి 1929లో క్రేటర్ రిసీవర్. ఆయన చేతుల మీదుగా అది 75 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. కొంతకాలానికే రోడ్డు వెడల్పు కోసమని నగరం అదే ఆస్తికి 28.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. రోడ్డు వస్తుందని ముందే తెలిసినవాడెవడో కొన్నాడని ఎవరికైనా అనుమానం వస్తుంది. హైదరాబాద్ రింగ్ రోడ్డు రోజుల్లో ఇలాంటి కథలు మనమూ విన్నవే.

ఆ జూలైలో క్రేటర్ దంపతులు మెయిన్ రాష్ట్రంలో బెల్‌గ్రేడ్ లేక్స్ దగ్గర తమ వేసవి ఇంట్లో ఉన్నారు. నెలాఖరున ఒక ఫోన్ వచ్చింది. ఎవరో, ఏమిటో ఆయన భార్యకి చెప్పలేదు, కొందరిని దారిలో పెట్టాలని మాత్రం అన్నాడట. న్యూయార్క్ వెళ్ళి, వచ్చి, ఆగస్టు 3న మళ్ళీ బయల్దేరాడు. 9వ తేదీ స్టెల్లా పుట్టినరోజు, ఆ లోపు వచ్చేస్తానని మాట ఇచ్చాడు.

6వ తేదీ పొద్దున ఆఫీసులో గుమాస్తా చేత రెండు చెక్కులు మార్పించి 5,150 డాలర్లు తెప్పించుకున్నాడు. కొన్ని కాగితాలు చింపేశాడని కూడా అంటారు. మిగతావి తాళం వేసిన రెండు బ్రీఫ్‌కేసుల్లో 40 ఫిఫ్త్ అవెన్యూలోని తన అపార్టుమెంటుకి చేర్చి, గుమాస్తాకి ఆ పూట సెలవిచ్చాడు. సాయంత్రం బెలాస్కో థియేటర్లో ఆడుతున్న డాన్సింగ్ పార్ట్‌నర్ అనే నాటకానికి ఒకే ఒక్క టిక్కెట్టు కొన్నాడు. వెస్ట్ 45వ వీధిలోని బిల్లీ హాస్ రెస్టారెంటులో తెలిసిన లాయరు ఒకాయనా, ఒక షో గర్ల్ కనిపిస్తే వాళ్ళతో కూర్చుని భోంచేశాడు. బయటికి వచ్చేసరికి తొమ్మిది దాటింది, నాటకం అప్పటికే మొదలైపోయింది. ఆయన టాక్సీ ఎక్కి వెళ్ళాడని ఆ ఇద్దరూ మొదట చెప్పారు. తర్వాత మాట మార్చి, టాక్సీ ఎక్కింది తామేననీ, ఆయన వీధి వెంట నడిచి వెళ్ళాడనీ అన్నారు. చివరిసారి చూసిన ఇద్దరి సాక్ష్యం ఇంత మాత్రం!

అసలు వింత దీని తర్వాతే ఉంది. 9వ తేదీ వచ్చింది, భర్త రాలేదు. స్టెల్లా కొన్నాళ్ళు ఎదురుచూసి, డ్రైవరుని న్యూయార్క్ పంపింది, స్నేహితులకి ఫోన్లు చేసింది. కంగారు పడవద్దు, వచ్చేస్తాడన్నారందరూ. 25న కోర్టు తెరిచినా ఆయన కుర్చీ ఖాళీ. తోటి జడ్జిలు గుట్టుగా వెతికించారే గానీ పోలీసులకి చెప్పలేదు. నవంబరు ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి, జడ్జి కనబడటం లేదంటే పరువేం కాను? సెప్టెంబరు 3న గానీ పోలీసులకి అధికారికంగా తెలియలేదు. అంటే నాలుగు వారాలు!

ప్రొడక్షన్‌లో సిస్టమ్ పడిపోయినప్పుడు మొదటి గంట లాగ్స్ పోతే తర్వాత ఎంతమంది కూర్చున్నా ఊహాగానాలే అని మన వృత్తిలో వాళ్ళకి తెలుసు. ఇక్కడ పోయింది గంట కాదు, నెల. ఆ నెల రోజుల్లో ఎవరు ఏ గదిలోకి వెళ్ళారో, ఏ కాగితం ఎవరు తీశారో లెక్క లేదు. పోలీసులు వచ్చేసరికి ఆ రెండు బ్రీఫ్‌కేసులు లేవు, బ్యాంకు లాకరు ఖాళీ. దీని వెనక ఒక పెద్ద కుట్ర ఉండాలని కూడా నేననుకోను. భార్యకి భర్త ఉద్యోగం, మిత్రులకి పార్టీ, జడ్జిలకి కోర్టు పేరు. ఎవరి కారణం వాళ్ళకి న్యాయంగానే కనబడి ఉంటుంది.

ఇక దేశమంతా గాలింపు. నగరం 5,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆయన్ని ఇక్కడ చూశాం, అక్కడ చూశామని వేల కబుర్లు. అక్టోబరులో గ్రాండ్ జ్యూరీ మొదలై 95 మంది సాక్షులని విచారించింది. స్టెల్లా మాత్రం మెయిన్ దాటి రాలేదు, వేరే రాష్ట్రం కాబట్టి ఆవిడని బలవంతాన రప్పించలేకపోయారు. 1931 జనవరిలో జ్యూరీ తేల్చిందేమిటంటే, ఆయన బతికున్నాడో లేదో, తనంతట తాను పోయాడో, జబ్బు చేసి మతి తప్పాడో, ఎవరైనా ఏమైనా చేశారో చెప్పడానికి ఆధారాలు చాలవని!

జ్యూరీ ఇంటికి వెళ్ళిన కొద్ది రోజులకే స్టెల్లా అపార్టుమెంటుకి వచ్చింది. బట్టల సొరుగులో కొన్ని కవర్లు కనబడ్డాయి. పోలీసులు అంతకుముందు పలుమార్లు వెతికిన ఇల్లే అది. వాటిలో ఆరు వేలకు పైగా నగదు, చెక్కులు, 30 వేల డాలర్ల జీవిత బీమా పత్రాలు, వీలునామా, తనకి ఎవరెవరు బాకీయో రాసిన చీటీ. లిబ్బీస్ హోటల్‌కి నగరం డబ్బు కట్టగానే తనకి పెద్ద మొత్తం రావాలని కూడా అందులో ఉంది. చివరి మాట అలసిపోయాననా, జాగ్రత్తగా ఉన్నాననా అన్నది చేతిరాతలో సరిగా తెలియడం లేదు. కవర్లు ముందునుంచీ ఉండి పోలీసులే చూడలేదా, తర్వాత ఎవరైనా పెట్టారా? ఇదీ తేలలేదు.

సిద్ధాంతాలకి కొదవ లేదు. డబ్బు మూటకట్టుకుని ఎవరితోనో కొత్త జీవితానికి పారిపోయాడన్నది మొదటిది. నాకిది అతకదు. పారిపోయేవాడు ఆరు వేలు సొరుగులో వదిలి, రావలసిన బాకీల జాబితా రాసి, నాటకానికి టిక్కెట్టు కొంటాడా? రెండోది, ఎవాల్డ్ కేసులో నోరు విప్పుతాడని టామనీ వాళ్ళే లేకుండా చేశారన్నది. స్టెల్లా చివరిదాకా నమ్మింది రాజకీయాల కోసం చంపారనే. మూడోది, ఒక షో గర్ల్ తరఫున బ్లాక్‌మెయిల్ చేసిన గూండాలతో పెనుగులాటలో పోయాడని బీమా కేసులో స్టెల్లా లాయరు వాదన. 2004లో వచ్చిన ఒక పుస్తకం, పాలీ ఆడ్లర్ నడిపిన వేశ్యాగృహంలో ఆయన ప్రాణం హఠాత్తుగా పోయిందనీ, పరువు కోసం శవాన్ని మాయం చేశారనీ అంటుంది. నాకు బ్లాక్‌మెయిల్ కథే కాస్త దగ్గరగా అనిపిస్తుంది. నగదు, కాగితాలు, కొందరిని దారిలో పెట్టాలన్న మాట, ఇవన్నీ ఎవరికో ఏదో ముట్టజెప్పి తిరిగి వద్దామనుకున్న మనిషి లక్షణాలు. అయినా ఇది నా ఊహే.

ఆయన దొరకలేదు గానీ, ఆ మాయం కావడం ఊరిని కుదిపింది. కోర్టుల అవినీతి మీద శామ్యూల్ సీబరీ విచారణలు నడిచాయి. 1931 ఫిబ్రవరిలో పోలీసుల మీద సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చిన వివియన్ గోర్డన్ అనే ఆవిడ బ్రాంక్స్‌లోని పార్కులో శవమై తేలింది. చివరికి 1932 సెప్టెంబరు 1న మేయర్ జిమ్మీ వాకర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. క్రేటర్‌ని జడ్జిగా వేసిన రూజ్‌వెల్టే గవర్నరుగా ఆ మేయర్ని విచారణకి నిలబెట్టి, ఆ నవంబరులో ప్రెసిడెంటుగా గెలిచాడు.

స్టెల్లా సంగతి ఎవరూ ఎక్కువగా రాయరు. భర్త పోయాడని తెలియదు, ఉన్నాడని తెలియదు. ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించాలని మన పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ ఉండేది, ఇక్కడా ఆ సూత్రమే. ఆ లోపు బీమా రాదు, ఆస్తి చేతికి రాదు. ఫిఫ్త్ అవెన్యూ ఇల్లు పోయింది. 1938లో ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంది, అదీ నిలవలేదు. 1939 జూన్ 6న గానీ కోర్టు క్రేటర్ చనిపోయినట్టు ప్రకటించలేదు. ఏటా ఆగస్టు 6న ఆవిడ గ్రెనిచ్ విలేజ్‌లో ఒక బార్‌కి వెళ్ళి రెండు గ్లాసులు తెప్పించుకుని, ఒకటి తాగి, రెండోది అలాగే వదిలి వచ్చేదని చెబుతారు. 1969లో చనిపోయింది.

పోలీసులు 13595 నంబరు ఫైలుని 1979లో మూసేశారు. 2005లో క్వీన్స్‌లో ఒక వృద్ధురాలు చనిపోయాక, తన మరణం తర్వాతే తెరవమని రాసిపెట్టిన ఉత్తరం బయటపడింది. తన భర్త, ఒక పోలీసు, టాక్సీ నడిపే ఆ పోలీసు తమ్ముడు కలిసి జడ్జిని చంపి, కోనీ ఐలాండ్‌లో వెస్ట్ 8వ వీధి దగ్గర బోర్డ్‌వాక్ కింద పాతిపెట్టారని అందులో ఉంది. ఇప్పుడక్కడ మనం పిల్లల్ని తీసుకెళ్ళే న్యూయార్క్ అక్వేరియం ఉంది. 1950లలో దాన్ని కట్టేటప్పుడు అక్కడ ఎముకలు దొరికాయని కొందరన్నారు. పోలీసులు పాత రికార్డులు తిరగేశారు గానీ, అలా దొరికినట్టు ఎక్కడా కనబడలేదు.