వెలుగు బాటపై పలుకు: అలెగ్జాండర్ గ్రాహం బెల్

గ్రాహం బెల్ పేరు వినగానే విద్యార్థులకు టెలిఫోన్ స్ఫురిస్తుంది. కాని తన సృష్టులలో ఆయన మిక్కిలి గొప్పదిగా ఎంచినది టెలిఫోన్‌ను కాదు. తీగ లేకుండా కాంతికిరణంపై మాటను పంపిన ఫోటోఫోన్‌ను.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. తాత, తండ్రి ఉచ్చారణ విద్యలో ఆరితేరినవారు. తల్లికి వినికిడి క్షీణించింది. క్షయవ్యాధి ఇద్దరు సోదరులను బలిగొనగా, 1870లో కుటుంబం కెనడాకు తరలిపోయింది. పిమ్మట బెల్ బోస్టన్‌లో బధిరులకు ఉపాధ్యాయుడై, తన శిష్యురాలు మేబెల్ హబ్బర్డ్‌ను 1877లో వివాహమాడాడు. ఆమె కూడా బధిరురాలే. ధ్వనికి దూరమైన వారి నడుమ జీవించినవాడే 1876లో ధ్వనిని తీగపై నడిపించాడు.

1880లో ఆయన, సహచరుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ వాషింగ్టన్‌లో కాంతిని వార్తాహరుని చేశారు. ప్రేషకం ఒక పలుచని అద్దం. దాని వెనుక నుండి మాట్లాడగా అది కంపించి, తనపై పడిన సూర్యకిరణాన్ని ఒకసారి చెదరగొట్టి, ఒకసారి కూడగట్టేది. గ్రాహకంలో పుటాకార దర్పణం ఆ వెలుగును సెలీనియం ఘటంపై కేంద్రీకరించేది. వెలుగు హెచ్చినపుడు సెలీనియం విద్యున్నిరోధం తగ్గుతుంది. ఆ మార్పు టెలిఫోన్‌లో మాటగా వినిపించేది. సెలీనియం నిరోధం మితిమీరి ఉండుట పెద్ద అవరోధమైంది. ఇత్తడి బిళ్ళల మధ్య అభ్రకం పొరలుంచి, సందులలో సెలీనియం నింపి వారు దానిని అధిగమించారు. ఫ్రాంక్లిన్ పాఠశాల మేడపై నుండి టెయింటర్, తన మాట వినబడితే కిటికీ వద్ద టోపీ ఊపవలసిందిగా కోరాడు. 213 మీటర్ల దూరాన బెల్ టోపీ ఊపాడు.

కిరణానికి అడ్డుగా గట్టి రబ్బరు పలక ఉంచినా ధ్వని సన్నగిల్లిందే కాని ఆగలేదు. కంటికి కనబడని కిరణాలు ఆ పలకను దాటుతున్నాయి! 1800లో విలియం హెర్షెల్ కనుగొన్న పరారుణ కిరణాలివే. మరుసటి ఏడు దీపపు మసిని గ్రాహకంగా వాడి పరీక్షించగా, వర్ణపటంలో ఎరుపుకు ఆవలనే ధ్వని అత్యధికమని తేలింది.

అయినను ఫోటోఫోన్ నాడు వ్యాప్తి చెందలేదు. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుపై మంచు కమ్మితే ఆవలి గట్టు కానరాదు కదా! మంచు, వాన, మబ్బు ఆ యంత్రానికి శత్రువులైనాయి. సూర్యుడు తప్ప తగిన దీపమూ లేదు. 1922 ఆగస్టు 2వ తేదీన బెల్ కన్నుమూసే నాటికి ఆ కల ఫలించలేదు.

1960 దశకంలో లేజర్, పరారుణ డయోడు వచ్చి ప్రేషకపు లోటు తీర్చాయి. గాజుతంతువు కిరణాన్ని మంచు నుండి కాపాడింది. నేటి టెలివిజన్ రిమోటు సెకనుకు వేలాది పర్యాయాలు మినుకుమంటుంది. గ్రాహకం ఆ మినుకునే గుర్తించి తక్కిన వెలుగును విడిచిపెడుతుంది. దాని ముందున్న నల్లని తెర చేసే పని, నాటి రబ్బరు పలక చేసినదే.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో ఫలించని ప్రయత్నం వ్యర్థమని తలపోయకండి. సాధనాలు సమకూడేవరకు సత్యం వేచి ఉంటుంది. దానిని వెదకి భద్రపరచుటే మన విధి.