సొంత గొంతు వినిపించకపోయినా ప్రపంచం గుర్తుపట్టిన హోమ్స్.. జెరెమీ బ్రెట్ కథ ఇదీ!

బస్సులోనో, ఆఫీసులోనో ఫోన్‌లో వీడియో చూస్తూ సౌండ్ మ్యూట్ చేసేయడం మనందరికీ అలవాటే. కింద సబ్‌టైటిల్స్ పరిగెడుతుంటాయి.. మనం ముఖాలు చూస్తూ కథ అర్థం చేసుకుంటాం. నలభై ఏళ్ల కిందటి ఓ బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్‌ని ఒక్కసారి అలా సౌండ్ తీసేసి చూడండి. నల్ల కోటు, వెనక్కి దువ్విన జుట్టు, పాలిపోయిన ముఖంతో ఓ మనిషి కనిపిస్తాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని కుర్చీలో ఒదిగిపోతాడు. మరుక్షణంలో ఎగిరి సోఫా దాటేస్తాడు. నేలమీద బోర్లా పడుకుని మట్టిని వాసన చూస్తాడు. అర సెకను నవ్వుతాడు.. అంతే, నవ్వు మాయం. ఒక్క మాట వినకపోయినా ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో మనకు తెలిసిపోతుంది.

ఆయనే జెరెమీ బ్రెట్. షెర్లాక్ హోమ్స్ అంటే ఈ తరానికి బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ గుర్తొస్తాడు కానీ, అంతకు పాతికేళ్ల ముందే బ్రిటన్ నుంచి అమెరికా, జపాన్ దాకా ఇళ్లలోని టీవీల ముందు జనాన్ని కూర్చోబెట్టిన హోమ్స్ ఈయన. ఇంగ్లిష్ రాని దేశాల్లో చాలామంది ఈయన అసలు గొంతే వినలేదు. అయినా ఎందుకంత నచ్చాడు? జవాబు ఈయన జీవితంలోనే కాస్త దొరుకుతుంది.

'ర' పలకని కుర్రాడు

1933 నవంబర్ 3న ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో, బెర్క్స్‌వెల్ అనే ఊళ్లో పుట్టాడు. అసలు పేరు పీటర్ జెరెమీ విలియం హగ్గిన్స్. తండ్రి సైన్యంలో అధికారి. చదువు ఈటన్‌లో.. అంటే ప్రధానమంత్రులు, రాజకుటుంబీకులు చదివే బడి. కానీ చదువులో మనవాడు అంతంతమాత్రమే. దానికితోడు 'ర' అనే శబ్దం నోరు తిరిగేది కాదు. టీనేజ్‌లో నాలుకకు ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత కూడా మాట సాఫుగా రావడానికి రోజూ సాధన చేసేవాడట. పెద్ద నటుడయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. చిన్నప్పుడే వచ్చిన రుమాటిక్ ఫీవర్ గుండెను దెబ్బతీసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

ఆ కుర్రాడు నటుడవుతానన్నాడు. తండ్రికి నచ్చలేదు. నాటకాలాడుకో కానీ ఇంటిపేరు మాత్రం వాడొద్దని షరతు పెట్టాడు. అప్పుడు తను వేసుకున్న సూట్ లోపల కుట్టిన టైలర్ లేబుల్ చూసి, దానిమీదున్న బ్రెట్ అనే పేరే పెట్టేసుకున్నాడు. బట్టల కొట్టు పేరే చివరికి ప్రపంచమంతా తెలిసిన పేరైంది!

లండన్‌లోని సెంట్రల్ స్కూల్‌లో నటన నేర్చుకున్నాడు. 1956లో హాలీవుడ్ 'వార్ అండ్ పీస్'లో చోటు దొరికింది. 1964లో 'మై ఫెయిర్ లేడీ' వచ్చింది. అందులో హీరోయిన్ ఇంటి ముందు వీధిలో పాట పాడుతూ తిరిగే అందగాడు ఫ్రెడ్డీ ఈయనే. కానీ ఆ గొంతు ఈయనది కాదు! బిల్ షర్లీ అనే గాయకుడిది. ఈటన్ బడి గాయక బృందంలో పాడిన మనిషికి, మంచి గాత్రం ఉన్న మనిషికి వేరేవాళ్ల గొంతు అతికించారు. ఇంకో నాలుగేళ్లకు బీబీసీ టీవీలో 'ది మెర్రీ విడో'లో హీరోగా తన గొంతుతోనే పాడి ఆ లోటు తీర్చుకున్నాడు. కానీ ఫ్రెడ్డీని చూసిన కోట్లమందికి ఆ విషయం ఎవరు చెప్తారు?

మామగారు హోమ్స్.. అల్లుడు ముందు వాట్సన్!

1958లో నటి అన్నా మాస్సీని పెళ్లి చేసుకున్నాడు. ఓ కొడుకు పుట్టాడు. 1962లో విడిపోయారు. ఇందులో ఓ చిత్రమైన సంగతేంటంటే, అన్నా తండ్రి రేమండ్ మాస్సీ 1931లోనే ఓ సినిమాలో షెర్లాక్ హోమ్స్‌గా నటించాడు. అల్లుడికి ఆ పాత్ర రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. అదీ నేరుగా రాలేదు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో ఓ నాటకంలో హోమ్స్‌గా చార్ల్‌టన్ హెస్టన్ చేస్తే, బ్రెట్‌కి దక్కింది పక్కనుండే డాక్టర్ వాట్సన్ వేషం.

నా లెక్క ప్రకారం ఆ వాట్సన్ వేషం ఊరికే పోలేదు. హోమ్స్ పక్కన నిలబడటం ఎంత కష్టమో, ఆ మనిషి చల్లదనం ఎదుటివాడికి ఎలా తగులుతుందో ముందు అటువైపు నుంచి చూశాడు. తర్వాత హోమ్స్ అయినప్పుడు స్నేహితుడి మీద వాలే ఆ చూపుల్లో అది కనిపిస్తుంది.

మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్ హోమ్స్ కథలన్నీ తీద్దామనుకుంది. నిర్మాత మైకేల్ కాక్స్ బ్రెట్‌ని అడిగాడు. మొదట ఈయన వెనకాడాడు. అప్పటికే ఎంతోమంది చేసేసిన పాత్ర కదా! తర్వాత కానన్ డాయిల్ రాసిన మూల కథలు మొత్తం తిరగేశాడు. సినిమాల్లో చూపించిన హోమ్స్ వేరు, పుస్తకంలో హోమ్స్ వేరని అర్థమైంది. గ్రనాడా బృందం హోమ్స్ అలవాట్లు, తిండి, పైపులు, కోపతాపాలు.. అన్నీ కథల్లోంచి ఏరి 77 పేజీల ఫైల్ తయారుచేసింది. బ్రెట్ దాన్ని పట్టుకునే సెట్‌లో తిరిగేవాడు. డైలాగ్ మూలానికి దూరంగా పోయిందనిపిస్తే గొడవే!

మొదటి ఎపిసోడ్ 1984 ఏప్రిల్ 24న వచ్చింది. స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పాజెట్ వేసిన పాత బొమ్మలు ఉన్నాయే.. రైల్లో ఎదురెదురుగా కూర్చున్న హోమ్స్, వాట్సన్, కుర్చీలో మోకాళ్లు ముడుచుకున్న హోమ్స్.. చాలాచోట్ల ఫ్రేములు అచ్చం అలాగే పెట్టారు. ఇక తెరమీద కనిపించే లండన్ బేకర్ స్ట్రీట్ లండన్‌లో లేదు. మాంచెస్టర్ స్టూడియోలో వేసిన సెట్ అది. బ్రిటిష్ ప్రేక్షకుడికి కూడా ఆ గుర్రపు బండ్లు, గ్యాస్ దీపాలు పరాయివే. అంటే ఆ కాలం ముందు అందరూ విదేశీయులే.. లండన్‌వాడైనా, టోక్యోవాడైనా!

పరాయి దేశాల్లో ఏం నచ్చింది?

అమెరికాలో ఇది పీబీఎస్ ఛానల్ 'మిస్టరీ!' అనే కార్యక్రమంలో వచ్చింది. ఆ కార్యక్రమం నిర్మాత జోన్ విల్సన్ ఎవరో కాదు, బ్రెట్ రెండో భార్య. బోస్టన్‌లో కూర్చుని బ్రిటిష్ సీరియళ్లను అమెరికన్లకు అలవాటు చేసినవాళ్లలో ఆమె ముందువరుసలో ఉంటారు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ఛానల్ జపనీస్‌లో డబ్ చేసి వేసింది. అక్కడ బ్రెట్‌కి గొంతిచ్చింది షిగేరు త్సుయుగుచి. ఆయన కూడా అప్పటికే పోలీస్ సీరియల్‌లో డిటెక్టివ్‌గా జపాన్ ఇంటింటికీ తెలిసిన నటుడు. అక్కడి అభిమానుల చెవుల్లో హోమ్స్ అంటే ఆ గొంతే.

ఆలోచిస్తే ఎంత విచిత్రం! 'ర' పలకడానికి జీవితమంతా కసరత్తు చేసిన మనిషి. ఒకసారి పాటలో, మళ్లీ జపాన్‌లో మాటలో.. రెండుసార్లూ ఆ గొంతు పక్కకు పోయింది. అయినా ఆ పాత్ర నిలబడింది. కారణం మిగిలినవన్నీ.. చేతివేళ్లు, మెడ తిప్పే తీరు, కుర్చీలో ఒదిగిపోవడం, ఉన్నట్టుండి లేవడం. డబ్బింగ్ వాటిని ముట్టుకోలేదు. ఇంగ్లిష్ మర్యాదలు, ఇంగ్లిష్ టీ, ఇంగ్లిష్ పొగమంచు చూసి విదేశాల వాళ్లు పడిపోయారని చాలామంది అంటారు. నిజం కొంతే. పొగమంచు కోసం ఎవరైనా ఒక ఎపిసోడ్ చూస్తారు, పదేళ్లు చూడరు.

రెండోది వాట్సన్. 1939 నుంచి 1946 దాకా వచ్చిన బాసిల్ రాత్‌బోన్ హాలీవుడ్ సినిమాల్లో వాట్సన్ అంటే తడబడే ముసలాయన, నవ్వించడానికి పెట్టిన మనిషి. గ్రనాడా వాట్సన్‌కి బుర్ర తిరిగిచ్చింది. మొదటి 13 ఎపిసోడ్లకు డేవిడ్ బర్క్, ఆ తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్. ఇద్దరూ హోమ్స్‌ని భరించే, అవసరమైతే మందలించే పెద్దమనుషులు. ఇంట్లో ఒక మొండి మేధావి ఉంటే పక్కన ఒక ఓర్పుగల మనిషి ఉండక తప్పదు.. ఇది ఏ దేశంలోనైనా అంతే కదా. హత్య ఎవరు చేశారన్నది మర్చిపోయినా, వీళ్లిద్దరూ నిప్పు ముందు కూర్చున్న సీన్ గుర్తుంటుంది.

అన్నట్టు సోవియట్ యూనియన్‌ వాళ్లు సొంత హోమ్స్‌నే తయారుచేసుకున్నారు. వసీలి లివనోవ్ నటించిన ఆ రష్యన్ సీరియల్‌కి మెచ్చి, 2006లో బ్రిటనే ఆయనకు గౌరవ ఎంబీఈ ఇచ్చింది. అంటే హోమ్స్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదన్నమాట!

భార్య పోయాక చచ్చి బతికిన పాత్ర

1985లో 'ది ఫైనల్ ప్రాబ్లమ్' వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతంలో హోమ్స్ పడిపోయే కథ. అదే ఏడాది జులైలో జోన్ విల్సన్ క్యాన్సర్‌తో చనిపోయారు. బ్రెట్ కుప్పకూలిపోయాడు. కానీ కొత్త సిరీస్ షూటింగ్ పిలుస్తోంది. అందులో మొదట ప్రసారమైన కథేంటో తెలుసా? 'ది ఎంప్టీ హౌస్'.. చనిపోయాడనుకున్న హోమ్స్ తిరిగొచ్చి వాట్సన్ ముందు నిలబడే కథ. తిరిగిరాని మనిషి కోసం ఏడుస్తున్న నటుడు, తిరిగొచ్చిన మనిషిగా నటించాల్సి వచ్చింది.

1986లో మానసికంగా పూర్తిగా చితికిపోయి ఆస్పత్రిలో చేరాడు. బైపోలార్ డిజార్డర్ అని తేలింది. అప్పట్లో మానిక్ డిప్రెషన్ అనేవాళ్లు. కొన్నాళ్లు పట్టలేనంత హుషారు, కొన్నాళ్లు లేవలేనంత దిగులు. లిథియం మందు మొదలైంది. ఒంట్లో నీరు చేరి ముఖం ఉబ్బింది, బరువు పెరిగింది. ఆ సన్నటి, పదునైన హోమ్స్ ప్రేక్షకుల కళ్లముందే మారిపోయాడు.

దాచలేదు, మానలేదు. ఆ రోజుల్లో సెట్‌లో హోమ్స్ పేరు పలకడానికే ఇష్టపడేవాడు కాదని చెప్తారు. ఆ పాత్ర తనను లోపలికి లాగేస్తోందని భయం. అయినా ఆ పాత్ర బాధ్యత మాత్రం వదల్లేదు. పిల్లలు కూడా ఈ సీరియల్ చూస్తున్నారని తెలిసి, హోమ్స్ కొకైన్ అలవాటు గురించి మథనపడ్డాడు. కానన్ డాయిల్ కూతురు జీన్ అనుమతి తీసుకుని, 1988లో వచ్చిన 'ది డెవిల్స్ ఫుట్'లో హోమ్స్ తన సిరంజిని ఇసుకలో పాతిపెట్టే సీన్ పెట్టించాడు. మూలాన్ని వదలొద్దని పోట్లాడే మనిషి మూలం దాటింది ఇక్కడే. నాకైతే మొత్తం సీరియల్‌లో అన్నిటికన్నా పెద్ద సీన్ అదే.

1994 నాటికి చిన్నప్పుడు దెబ్బతిన్న గుండె మొరాయించింది. 'ది మజరిన్ స్టోన్' ఎపిసోడ్‌కి ఈయన చేయలేని స్థితిలో ఉంటే, హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ పాత్రధారి చార్లెస్ గ్రే ఆ కేసు తేల్చేలా కథ మార్చారు. హోమ్స్ సీరియల్‌లో హోమ్స్ దాదాపు లేని ఎపిసోడ్ అది. 1994 ఏప్రిల్ 11న చివరిది ప్రసారమైంది. మొత్తం 41 ఎపిసోడ్లు. డాయిల్ రాసిన 60 కథలూ పూర్తి చేయాలన్న కోరిక తీరలేదు.

తర్వాతి ఏడాది బీబీసీ రేడియోలో ఓ విజ్ఞప్తి వినిపించింది. మానిక్ డిప్రెషన్‌తో బాధపడేవాళ్ల కోసం పనిచేసే సంస్థకు సాయం చేయండని. అందులో కోటు లేదు, చేతివేళ్లు లేవు, సోఫా దూకడాలు లేవు. ఉన్నది గొంతొక్కటే. అది జెరెమీ బ్రెట్ సొంత గొంతు. తన జబ్బు గురించి తనే చెప్పుకున్నాడు. 1995 సెప్టెంబర్ 12న, లండన్ క్లాఫమ్‌లోని ఇంట్లో గుండె ఆగి చనిపోయాడు. వయసు 61.