ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. గోదావరి నదిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించి డెల్టాను సస్యశ్యామలం చేసిన వ్యక్తిగా ఆంధ్ర దేశమంతటా ప్రసిద్ధుడు. భద్రాచలం సమీపంలోని దుమ్ముగూడెం మీదుగా మధ్య భారతానికి పడవల మార్గం తెరవాలన్న ఎగువ గోదావరి నౌకాయాన పథకానికి కూడా ఈయనే మూలపురుషుడు. ధవళేశ్వరం ఆనకట్ట ప్రభుత్వానికి లాభాలు తెచ్చిపెట్టగా, దుమ్ముగూడెం పథకం నష్టాలతో 1871లో ఆగిపోయింది. కొత్త రవాణా సాధనానికి ప్రభుత్వ ధనం ఎంతవరకు వెచ్చించవచ్చుననే విషయమై నాడు జరిగిన వాదోపవాదాలలో ఈయన పేరు ప్రముఖంగా వినిపిస్తుంది.

తొలి జీవితం

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండుగురు కుమారులలో పదవవాడుగా జన్మించాడు. అడిస్కాంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యాడు. 1821లో మద్రాసు చేరుకున్నాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. తరువాత తంజావూరు ప్రాంతంలో కావేరి, కొల్లిడం నదులపై పనులు చేపట్టాడు. చోళుల కాలపు కల్లణై ఆనకట్టను పరిశీలించి, ఇసుక పునాదిపై రాతి కట్టడం నిలిచే పద్ధతిని గ్రహించాడు. మద్రాసు సమీపంలో రాళ్ళు తరలించడానికి 1837 ప్రాంతంలో వేసిన రెడ్‌హిల్స్ రైలు మార్గంలో కూడా ఈయన పాత్ర ఉంది. భారతదేశంలో మొదటి రైలు మార్గంగా దానిని పేర్కొంటారు. తరువాతి కాలంలో రైల్వేలపై చేసే ఖర్చును తీవ్రంగా విమర్శించిన కాటన్, తొలినాళ్ళలో ఈ విధంగా రైలుతో కూడా ప్రయోగాలు చేశాడు. 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహం చేసుకున్నాడు.

ధవళేశ్వరం ఆనకట్ట

1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి మండలాన్ని దెబ్బతీశాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5.6 లక్షలకు తగ్గింది. నది నిండుగా పారుతున్నా పొలాలకు నీరు అందని స్థితిని గమనించిన కాటన్, ఆనకట్ట ఆవశ్యకతను వివరిస్తూ ప్రభుత్వానికి నివేదికలు సమర్పించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమై 1852లో పూర్తయింది. నదిలోని లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా దీనిని కట్టారు.

డెల్టా కాలువలను సాగునీటితో పాటు పడవల ప్రయాణానికి కూడా పనికివచ్చేలా లాకులతో నిర్మించారు. ధాన్యం తక్కువ ఖర్చుతో రేవులకు చేరింది. సాగు విస్తరించడంతో భూమిశిస్తు పెరిగి, ప్రభుత్వం పెట్టిన పెట్టుబడికి మంచి రాబడి వచ్చింది. ఈ విజయమే కాటన్ తరువాతి ప్రతిపాదనలన్నిటికీ ఆధారమైంది.

ఎగువ గోదావరి నౌకాయాన పథకం

బీరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని ఎడ్లబండ్లపై సముద్రతీరానికి చేర్చడం ఆ రోజులలో చాలా ఖర్చుతో కూడిన పని. గోదావరి, దాని ఉపనదులైన ప్రాణహిత, వార్ధాల మీదుగా పడవలలో ఆ సరుకును తీరానికి దింపవచ్చునని కాటన్ భావించాడు. ఇందుకు నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద, రెండవది ఇచ్చంపల్లి వద్ద, మూడవది ప్రాణహితపై దేవలమర్రి వద్ద ఉన్నాయి. ఈ చోట్ల ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టాలని ప్రణాళిక సిద్ధమైంది. కాటన్ అనుచరుడైన ఇంజనీరు హేగ్ నదిని పరిశీలించి, పనులకు సారథ్యం వహించాడు.

1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిషు వారికి అప్పగించడంతో భద్రాచలం వారి పాలనలోకి వచ్చింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై మాంచెస్టరు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోగా, ఈ మార్గానికి ప్రాధాన్యం పెరిగింది. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకుల నిర్మాణం సాగింది.

అయితే పథకానికి అనేక ఆటంకాలు ఎదురయ్యాయి. జనసంచారం తక్కువైన అడవి ప్రాంతం కావడం వలన కూలీలు దొరకడం కష్టమైంది. జ్వరాలు పనివారిని, అధికారులను పీడించాయి. వేసవిలో నదిలో నీరు తగ్గి పడవలు నడిచేవి కావు. మూడు అడ్డంకులూ తొలగితే తప్ప పత్తి ప్రాంతం నుండి ఏకధాటిగా ప్రయాణం వీలుకాదు కనుక, ఒక్క దుమ్ముగూడెం పూర్తయినందువలన ఆశించిన సుంకం రాలేదు. డెల్టాలో కాలువ ఖర్చును భూమిశిస్తు భరించింది. అడవి ప్రాంతంలో ఆ విధమైన సాగు లేదు. 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధరలు పడిపోయాయి. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరడంతో సరుకు ఆ దారి పట్టింది. సుమారు ఏడు లక్షల పౌండ్లు వెచ్చించిన తరువాత 1871లో ప్రభుత్వం పథకాన్ని విరమించింది.

రైల్వేలు, కాలువల వివాదం

1849 నుండి రైల్వే కంపెనీల పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ పూచీ ఇచ్చింది. రైలు ఆదాయం అంతకు తగ్గితే లోటును భారత ఖజానా నుండి భర్తీ చేసేవారు. ప్రజల పన్నులతో రైల్వే వాటాదారులను పోషించే కన్నా, చవకగా సరుకు మోసి పంటకు నీరిచ్చే కాలువలు మేలని కాటన్ వాదించాడు. రైల్వేల సమర్థకులు వేగాన్ని, ఏడాది పొడవునా నడిచే సౌకర్యాన్ని, సైన్యాన్ని తరలించే వీలును చూపారు.

పూచీ పద్ధతి కాలువలకు కూడా వర్తించింది. కాటన్ ఆలోచనల ప్రేరణతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం పూచీ లభించింది. ఆ కంపెనీ తవ్విన కర్నూలు - కడప కాలువ ఆశించిన ఆదాయం ఇవ్వకపోవడంతో 1882లో ప్రభుత్వమే దానిని కొనుగోలు చేసింది. 1878లో ప్రజాపనుల వ్యయంపై విచారించిన బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందు కాటన్ హాజరై తన అభిప్రాయాలు వినిపించాడు. రైల్వేలకే మొగ్గు చూపే ప్రభుత్వ విధానం మారలేదు.

చివరి రోజులు, స్మృతి

కాటన్ 1860లో భారతదేశంలో ఉద్యోగ విరమణ చేశాడు. 1861లో సర్ బిరుదు లభించింది. 1899లో ఇంగ్లండులోని డోర్కింగ్‌లో మరణించాడు. కుమార్తె లేడీ హోప్ ఈయన జీవితచరిత్రను 1900లో ప్రచురించింది.

పాత ఆనకట్ట స్థానంలో ధవళేశ్వరంలో నిర్మించిన బ్యారేజికి కాటన్ పేరు పెట్టారు. అక్కడ ఈయన స్మారక మ్యూజియం ఉంది. కోనసీమ, గోదావరి జిల్లాలలో అనేక చోట్ల ఈయన విగ్రహాలు ఉన్నాయి.

దుమ్ముగూడెం ఆనకట్ట పడవల కోసం కట్టినదే అయినా, దాని ప్రయోజనం ఇప్పుడు సాగునీటి వైపు మళ్ళింది. 2016లో శంకుస్థాపన జరిగిన సీతారామ ఎత్తిపోతల పథకం ఇక్కడి గోదావరి నీటిని ఖమ్మం ప్రాంతపు భూములకు మళ్ళించడానికి ఉద్దేశించినది. భద్రాచలం - రాజమండ్రి నదీమార్గాన్ని భారత ప్రభుత్వం 2008లో 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించింది.