రాయికి ముందు విద్య: మీర్ ఉస్మాన్ అలీ ఖాన్

మన ఊళ్ళలో మసీదు కట్టాలన్నా, మదర్సా కట్టాలన్నా ముందు చందా రసీదు పుస్తకం అచ్చవుతుంది. తర్వాత మేస్త్రీ వస్తాడు, ఇటుక, సిమెంటు దిగుతాయి. ఈ నేల ఎంత బరువు మోస్తుంది, వరద వస్తే నీరు ఎటు పోతుంది అని తెలుసుకోవడానికి కొంత పైకం పక్కన పెట్టిన కమిటీలను మేము అరుదుగా చూశాము. అందుకే, తెలుసుకోవడం కోసం కూడా ఖజానా తెరిచిన ఒక పాలకుని జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1886 ఏప్రిల్‌లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న నాటికి ఆయన ఇరవై రెండేళ్ళ యువకుడు. మరుసటి ఏడు తండ్రిగారి ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా కోరింది. వరదను ఊళ్ళో కాదు, ఎగువనే ఆపాలన్నది ఆ పరిశీలనలో తేలిన మాట. 1911లో సింహాసనమెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ ఆ మాటను పక్కన పెట్టలేదు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది.

విశ్వవిద్యాలయం విషయంలోనూ ఇదే వరుస. 1917లో ఫర్మానా వెలువడింది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా నెలకొన్నది. 1918లో ఉస్మానియా వెలసింది, కానీ సొంత భవనం లేదు. పదేళ్ళకు పైగా నగరంలోని మామూలు ఇళ్ళలోనే పాఠాలు సాగాయి. ముందు చదువు, తర్వాతే గోడలు!

స్థలం ఎంపికకు ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. ఆయన వృక్షశాస్త్రం బోధించి, పిదప నగర నిర్మాణం వైపు వచ్చిన స్కాట్లండు పండితుడు. అడిక్‌మెట్ ప్రాంతాన్ని చూపించినది ఆయనే. ఆ పిమ్మట 1930 ప్రాంతంలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ప్రభుత్వ ఖర్చుతో విదేశాలకు పంపారు. యూరప్, అమెరికా విశ్వవిద్యాలయాలు ఎలా కట్టారో, విద్యార్థి అక్కడ ఎలా మసలుతాడో చూసి రావడమే వారి పని. ఈజిప్టులో కట్టడాలు నిర్మించిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఈ పనికి కుదుర్చుకున్నారు.

1934 జూలై 5న ఆర్ట్స్ కళాశాలకు నిజాం శంకుస్థాపన చేశారు. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది. ఇక్కడి గులాబీ రంగు రాతితో కట్టిన ఆ భవనంలో అజంతా, ఎల్లోరా స్తంభాల పోలికలు, ఇస్లామీ కమానులు ఒకచోట కలిశాయి. 1914లో నెలకొల్పిన పురావస్తు శాఖ అప్పటికే అజంతా గుహలను శ్రద్ధగా కాపాడుతూ వచ్చింది. ఇంజనీరు, వాస్తుశిల్పి, చరిత్రకారుడు, రాతిపనివాడు ఎవరి విద్య వారు తెచ్చి ఒక పనిలో కలిపారు. అందరికీ జీతబత్యాలిచ్చింది ఒకే ఖజానా.

అయితే న్యాయంగా చెప్పుకోవాలి. ఆ ఖజానా రైతు చెల్లించిన శిస్తుతో నిండినది. పల్లెల్లో పేదరికం, జాగీర్దారుల దౌర్జన్యం అదే రాజ్యంలో ఉన్నాయి. 1948 సెప్టెంబరులో ఆ పాలన ముగిసింది. 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కింగ్ కోఠీ ఎదుట జూదీ మసీదులో ఖననం చేశారు. లోకంలోకెల్లా ధనవంతుడనిపించుకున్న మనిషి వెంట ఏ సొమ్మూ వెళ్ళలేదు. కానీ ఆయన డబ్బుపెట్టిన చదువు నేటికీ సాగుతున్నది.

మన ఏలూరు ఆయన ఏలుబడిలో లేదు. 1766 ఒప్పందంతోనే ఉత్తర సర్కారులు కంపెనీకి దఖలు పడ్డాయి. అయినా ఈ పాఠం మనకే ఎక్కువ అవసరం. తమ్మిలేరు, బుడమేరు వచ్చి కొల్లేటిలో కలుస్తాయి; సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంక గ్రామాలు ఎలా మునిగాయో చూశాము. ఇక్కడి నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, దానితో గోడలూ బీటలు వారతాయి. ఏటా అదే బీటకు అదే సిమెంటు పూస్తున్నాము. ఈ నేలకు తగిన ఇల్లు ఏదో తేల్చాలంటే మట్టి తెలిసినవాడు, నీరు తెలిసినవాడు, మేస్త్రీ, చేపలు పట్టే లంకవాసి ఒకచోట కూర్చోవాలి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. అక్కడిదాకా వెళ్ళి అడగడానికి మనకు ఏమి అడ్డు?

మేలు చేసే విద్య మనిషి మరణించాక కూడా పుణ్యం చేరుస్తూనే ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. మినారు ఎత్తు ఒక మూర తగ్గినా ఫరవాలేదు. ఆ పైకంతో మహల్లాలో ఒక బిడ్డ నిర్మాణ విద్య చదివితే, ఒక మేస్త్రీ కొత్త పని నేర్చుకుంటే, అదీ సదఖయె జారియానే. అల్లాహ్ మనకు ఆ దూరదృష్టి ప్రసాదించుగాక. ఆమీన్.